మేనత్త ముచ్చటపడిన బట్ట

టోంగా దీవుల్లో, నుకుఅలోఫా రేవు వీధిలో పందులు తప్ప ఎవరూ తొంగిచూడని పాత చేపల మార్కెట్టును బెరడుబట్ట చేసే ఆడవాళ్లకు ఇప్పించడానికి సెలువయా రెండేళ్లు నగరసభ చుట్టూ తిరిగింది. చివరికి ఇచ్చారు గాని, మెలిక పెట్టారు. శనివారం ప్రారంభానికి ఆ వీధిలోకి జనం వస్తే మార్కెట్టు వాళ్లది, కప్పు మరమ్మతు నగరసభది. రాకపోతే అది సిమెంటు బస్తాల గోదాము.

అందుకని పద్నాలుగు మంది మూడు నెలలు చెట్టు బెరడును కొయ్యసుత్తులతో కొట్టి సాగదీసి, ఉడికిన దుంప జిగురుతో అతికించి, రంగులద్ది, పన్నెండు బారల బట్ట చేశారు. అతుకు పొంగిన చోటల్లా సెలువయా ఊడదీసి మళ్లీ అతికించింది. గోడకు కట్టాక ఎదురుగా కూర్చుని, చేతిలో టీ చల్లారేదాకా చూస్తూనే ఉంది.

శుక్రవారం పొద్దున నగరసభ అధికారి కేపు తన మేనత్త మెలెసెయినిని వెంటబెట్టుకు వచ్చాడు. ఆవిడ హాపై దీవి నుంచి వచ్చి పడవ దిగి గంటే అయింది. మార్కెట్టు తెరిపించింది తనేనని చూపించుకోవాలని అతని సరదా.

"నా ఇల్లే అనుకో అత్తా," అన్నాడు.

ఆవిడ అలాగే అనుకుంది. మేనల్లుడి ఇంట్లో మేనత్త దేన్ని ముచ్చటపడితే అది ఆవిడదే. టోంగాలో కాదన్నవాడు లేడు.

"బట్ట బాగుందిరా. రేపు పడవలో తీసుకెళ్తా."

కేపు మొహం పాలిపోయింది. ఇది తనది కాదని గొణిగితే, ఇందాక ఇల్లన్నావు, ఏ మాట మీద ఉంటావని నిలదీసింది. ఆడవాళ్ల చూపులు చూసి అతను సుత్తులకు కాస్త దూరం జరిగాడు.

అత్తను కాదంటే ఊరంతా తప్పుపడుతుంది. బట్ట పోతే ప్రారంభం నాడు గోడ బోడి. సెలువయా ఆవిడ పక్కన చేరింది.

"తప్పకుండా తీసుకెళ్లండి అత్తయ్యగారూ. కానీ మూటగట్టి పంపితే మీకేం మర్యాద? పొడుగునా పరిచి, భుజాల మీద మోసుకొచ్చి పడవెక్కిస్తాం. మీరు ముందు నడవండి."

"ఎంతమంది మోస్తారు?"

"నలభై మంది."

"అరవై చెయ్యి."

అరవై మంది ఆడవాళ్ల కోసం ఊళ్లోని చర్చిలన్నిటికీ కబురెళ్లింది. మర్నాడు వాళ్ల వెనక మొగుళ్లూ, పిల్లలూ, ఏమిటా అని చూడవచ్చినవాళ్లూ ఆ వీధిలోకి దిగారు. మూతబడ్డ షాపుల ముందు బల్లలేసి, కొబ్బరిపాలతో ఆకుల్లో ఉడికించిన మాంసం పొట్లాలు అమ్మారు. మెలెసెయిని అక్కడి మర్యాద ప్రకారం నడుముకు చాప చుట్టుకుని ముందు నడిచింది. రేవు రాగానే పడవను చూసింది, వెనక జనాన్ని చూసింది, ఇంకో చుట్టు తిప్పమంది. మూడో చుట్టుకు చర్చి బ్యాండు కూడా కలిసింది.

మార్కెట్టు ముందు ఆగి సెలువయాను పిలిచింది.

"మా దీవిలో దీన్ని చూడ్డానికి ఇంతమంది ఎక్కడ దొరుకుతారే? గోడకే కట్టు. కానీ బట్ట నాది. ఏటా వచ్చి ఇలాగే నడిపించుకుంటా. కింద నా పేరు రాయించు."

ఆ సాయంత్రమే నగరసభ మనుషులు నిచ్చెన వేసి కప్పు కొలతలు తీసుకున్నారు. పేరు చీటీ వంకరగా ఉందని సెలువయా రెండుసార్లు మార్పించింది. కేపు మాత్రం గుమ్మం బయటే నిలబడ్డాడు. లోపలికి రమ్మంటే, అత్త పడవెక్కాక వస్తానని చెప్పి, కొత్త వాచీ మీదికి చొక్కా చెయ్యి లాక్కున్నాడు.