నూరు మీటర్ల అవతల తమ్ముడు

మా ప్రెస్సు భవనం రైలుపెట్టెలా పొడుగ్గా ఉంటుంది. ముందు గదిలో అన్నయ్య, చివర గోడౌన్‌లో తమ్ముడు, మధ్యలో బిల్లుల గదిలో నేను. వాళ్ళిద్దరూ మాట్లాడుకోరు. కారణం ఒక చెప్పుల డబ్బా. తమ్ముడు దాని మీదకి గీసిన బొమ్మను అన్నయ్య వాడికి చెప్పకుండా కాస్త పక్కకి జరిపి అచ్చేశాడు. ఎంత జరిపాడని అడిగితే ఇద్దరూ వేళ్ళతో చూపిస్తారు. అన్నయ్య వేళ్ళ మధ్య చీమ పట్టదు, తమ్ముడి వేళ్ళ మధ్య పిల్లి పడుతుంది.

ఆ మర్నాడే తమ్ముడు బల్ల ఎత్తుకుని గోడౌన్‌కి బయల్దేరాడు. వైరు లాగడానికి కేబులాయన వచ్చాడు. అన్నయ్య గదిలో ఉన్న పెద్ద కంప్యూటర్ నుంచి నూరు మీటర్ల దాకా వైరు నమ్మకంగా పనిచేస్తుందని, ఆపైన తన పూచీ లేదని చెప్పాడు. ఆ నూరు మీటర్లు ఎక్కడికి అవుతాయో చూపించమన్నాడు తమ్ముడు. ఆయన సుద్దముక్కతో నేల మీద గీత గీశాడు. మావాడు ఆ గీత దాటి, గోడ అడ్డొచ్చేదాకా వెళ్ళి, అక్కడ బల్ల వేసుకున్నాడు. కేబులాయన తల కొట్టుకుంటూనే వైరు లాగాడు. అది పనిచేసింది కూడా. అప్పట్లో దాని మీద వెళ్ళేదేముంది, నాలుగు ఉత్తరాలు, రెండు విజిటింగ్ కార్డులు.

మాటలు మాత్రం నా మీదుగా వెళ్ళేవి. వాడికి కళ్ళున్నాయా, ఇదేం రంగు అని అన్నయ్య విసుక్కుంటే, నేను గోడౌన్‌కి వెళ్ళి రంగు ఒకసారి చూడమన్నాడని చెప్పేదాన్ని. ముందు ఆయన్ని కళ్ళద్దాలు మార్చుకోమను అని వాడు మండిపడితే, ఇటొచ్చి, చూస్తానన్నాడని చెప్పేదాన్ని. అన్నదమ్ములకి ఒకరంటే ఒకరికి ఎంత మర్యాదో అని వచ్చినవాళ్ళు ముచ్చటపడేవాళ్ళు. నా మడమలు అరిగిపోయాయి.

తర్వాత పని మారింది. ఇప్పుడొచ్చే ఆర్డర్లన్నీ పెద్ద పెద్ద అట్టపెట్టెలవి, వాటి మీదంతా ఫోటోలు. కొత్త మెషిన్ తమ్ముడి కంప్యూటర్‌లోంచి బొమ్మని నేరుగా లాక్కుంటుంది. అందుకని కేబులాయన వేగం పెంచే పరికరాలు తెచ్చి రెండు చివర్లా పెట్టాడు. అప్పుడొచ్చింది నా ప్రాణం మీదకి. వేగం పెంచితే ఫైలు మధ్యలో తెగిపోతుంది, పాత వేగానికి దించితే పాకుతుంది. మెషిన్ దగ్గర పనివాళ్ళు చేతులు కట్టుకుని నిలబడతారు. అన్నయ్య నా గదికొచ్చి తమ్ముణ్ణి తిడతాడు. ఆయన వెళ్ళగానే తమ్ముడొచ్చి ఆయన్ని తిడతాడు. ఇద్దరికీ టీ నేనే ఇవ్వాలి.

ఒకరోజు తమ్ముడు తిట్టలేదు. ఎదురుగా కుర్చీలో కూర్చుని, అవతలి వీధి ప్రెస్సువాళ్ళు రమ్మంటున్నారని, అక్కడ అంతా కొత్తగా ఉందని నెమ్మదిగా చెప్పాడు.

"ఇక్కడ నా పని ముందుకి చేరట్లేదక్కా. నేను వెళ్ళిపోతాను. అన్నయ్యకి నువ్వే చెప్పు."

ఇన్నేళ్ళుగా అటు మాట ఇటు, ఇటు మాట అటు మోశాను. ఈ ఒక్కటీ మోయలేదు. వాడు పోతే ప్రెస్సేం ఆగిపోదు, ఇంకెవరో వస్తారు. కానీ వాడు ఆ గుమ్మం దాటాక వీళ్ళిద్దరూ ఈ జన్మకి కలవరు. పంతంలో ఒకణ్ణి మించినవాడు ఇంకొకడు. నాకు భయం వేసింది.

కేబులాయన్ని పిలిపించాను. ఆయన నా గది చుట్టూ చూసి సంబరపడిపోయాడు. వైరు సరిగ్గా ఇందులోంచే పోతోందట. ఇక్కడ చిన్న డబ్బా ఒకటి బిగిస్తే, ఇటు నుంచి వచ్చింది అందుకుని కొత్త బలంతో అటు పంపుతుందట, నూరు మీటర్ల లెక్క మళ్ళీ ఇక్కణ్ణుంచి మొదలట. ఆ ఉద్యోగం ఈ గదిలో ఇప్పటికే ఒకరు చేస్తున్నారని చెప్పాను. ఆయనకి అర్థం కాలేదు.

"పోనీ ఫైబర్ వేద్దామమ్మా. దానికి ఈ దూరం ఒక లెక్కే కాదు."

"డబ్బా మాటా, ఫైబర్ మాటా ఈ గది దాటకూడదు. వైరు నూరు మీటర్లు మించకూడదని మాత్రం చెప్పండి. అది నిజమేగా?"

నిజమేనని దిగులుగా ఒప్పుకున్నాడు.

ఇద్దర్నీ నా గదికి పిలిచాను. అన్నయ్య గుమ్మంలో నిలబడ్డాడు, తమ్ముడు కిటికీ పట్టుకున్నాడు. కేబులాయన పాఠం అప్పజెప్పినట్టు నూరు మీటర్ల సంగతి చెప్పాడు. గీతకి ఇవతల మెషిన్లు, కాగితం కట్టలు పోగా మిగిలింది ఒక్క గదే. అది అన్నయ్య గది పక్కది, మధ్యలో ఉన్నది చెక్క అడ్డుగోడ. మధ్యలో డబ్బాలాంటిదేదో పెడతారటగా అని అన్నయ్య గోడతో అన్నాడు. కొంప మునిగిందనుకున్నాను.

"పెట్టొచ్చు," అన్నాను. "నా గదిలో ప్లగ్గు లేదు."

బల్ల మీద ఫ్యాను తిరుగుతోంది. దాని పక్కన కెటిల్ మరుగుతోంది. అన్నయ్య ఫ్యానుని చూశాడు. తమ్ముడు కెటిల్‌ని చూశాడు. కేబులాయన నేలని చూశాడు.

"ప్లగ్గు లేకపోతే కుదరదు మరి," అన్నాడు అన్నయ్య.

"ఎలా కుదురుతుంది," అన్నాడు తమ్ముడు.

ఎడ్డెమంటే తెడ్డెమనే ఈ ఇద్దరూ ఒక్క మాట మీద నిలబడడం అదే మొదటిసారి చూశాను. ఆ సాయంత్రమే తమ్ముడి బల్ల ముందుకొచ్చింది. దాన్ని ఒక చివర అన్నయ్య పట్టుకున్నాడు. దారి పొడుగునా నోరు విప్పలేదు.

ఫైళ్ళు క్షణంలో చేరడం మొదలైంది. వాళ్ళు మాత్రం అడ్డుగోడకి అటొకరు ఇటొకరు బెల్లంకొట్టిన రాళ్ళలా కూర్చున్నారు. నేను యథాప్రకారం ఈ తలుపు నుంచి ఆ తలుపుకి తిరిగాను. చేసిన మోసం వృథా అయిందనుకున్నాను.

నిన్న మెషిన్ ఆగి ఉండగా అన్నయ్య గొంతు వరండా దాటి నా గదిలోకి వినబడింది.

"ఈ అక్షరాలు ఎవరికి కనిపిస్తాయిరా?"

"చదవడం వచ్చినవాళ్ళకి," అన్నాడు తమ్ముడు.

ఆపైన ఇద్దరూ ఒకేసారి అందుకున్నారు. ఎవరేమంటున్నారో తెలియట్లేదు. సర్దిచెబుదామని అలవాటు కొద్దీ లేచాను, గుమ్మం దాకా వెళ్ళాను. మళ్ళీ వచ్చి కూర్చున్నాను. నవ్వొస్తోంది, కళ్ళు తుడుచుకుంటుంటే మళ్ళీ నిండుతున్నాయి. వాళ్ళు భోజనాల వేళ దాకా అరుచుకున్నారు, తర్వాత కూడా అరుచుకున్నారు. నన్ను ఎవరూ పిలవలేదు.