ముగింపు ప్రార్థన

ఇడ్లీ రేకు మీది తడిబట్ట ఊడదీయగానే ఆవిరి రాహేలు ముఖానికి కొట్టింది. రోజూ అయితే ఆ ఆవిరి ఆమెకు ఇష్టమే. డిసెంబరు పొద్దున కొత్తవాడ సందులో అంతకంటే వెచ్చనిది ఇంకొకటి దొరకదు. ఈ శనివారం మాత్రం ముఖం పక్కకు తిప్పుకుని, ఇడ్లీలను ఒక్కొక్కటే విడదీసి డబ్బాలో వేసింది. నిన్న రాత్రి నుంచి ఆమె కడుపులో మంచినీళ్లు తప్ప ఏమీ పడలేదు.

కట్టయ్య టిఫిన్ సెంటర్లో ఆమె పని పిండి రుబ్బడంతో మొదలై గిన్నెలు తోమడంతో ముగుస్తుంది. పొట్టి మనిషి. సబ్బునీళ్లలో నానీ నానీ అరచేతులు ముడతలు పడ్డాయి. ఎడమ చెవి కమ్మ ఎక్కడో పడిపోయి ఏడాది దాటినా కుడి చెవిది తీయలేదు, ఉన్న ఒక్కటైనా ఉండనీ అనే రకం. ఈరోజు తలకు నూనె రాసుకుని, నున్నగా దువ్వుకుని వచ్చింది. ఉపవాసం ఉన్నవాళ్లు ముఖం వేలాడేసుకుని పదిమందికీ తెలిసేలా తిరగకూడదని, అది దేవుడికీ మనకూ మధ్య ఉండాల్సిన మాటని పాస్టరమ్మ స్నేహలత చాలాసార్లు చెప్పింది. అందుకే ఇంట్లో కూడా ఎవరికీ చెప్పలేదు.

ఉపవాసం కూతురు ప్రియాంక కోసం. డిగ్రీలో అన్నీ పాసై అకౌంట్స్ ఒక్కటి పోయింది. ఈరోజు మళ్లీ ఆ పరీక్షే. కిందటిసారి ఈ పేపరు రోజునే రాహేలు ఉపవాసం ఉంటానని ప్రభువుకు మాటిచ్చి, పక్కింటి గృహప్రవేశంలో వాళ్లు బలవంతపెడితే జిలేబీ తినేసింది. పిల్ల ఫెయిలైంది. ఆమెను ఎవరూ ఏమీ అనలేదు. ఆమే అనుకుంది, ఇప్పటికీ అనుకుంటూనే ఉంది. ఈసారి తప్పేది లేదు. సాయంత్రం చర్చి వాళ్ల క్రిస్మస్ పాటల కాన్సర్ట్, అందులో ప్రియాంక పాడుతోంది. అక్కడ ముగింపు ప్రార్థన అయ్యేదాకా మెతుకు ముట్టనని మాటిచ్చింది.

అసలు చిక్కు ఆమె షుగర్ జబ్బుతో. వానాకాలంలో నల్లా దగ్గర కళ్లు తిరిగి పడిపోతే ప్రియాంక నోట్లో చక్కెర పోసి లేపింది. గోలి వేసుకుని తిండి మానితే ప్రాణానికే ముప్పని దవాఖానలో డాక్టరు గట్టిగా చెప్పాడు. గోలి ఒక్కపూట కూడా మాననని ప్రియాంక తల్లి దగ్గర మాట తీసుకుంది. ఆ మాటే రాహేలు మనసులో నిలిచింది, డాక్టరు మాట పలచబడింది. గోలి మందే కానీ తిండి కాదు కదా, మింగితే ఉపవాసం చెడదని తనకు తానే తేల్చుకుంది. బిడ్డకిచ్చిన మాటా నిలుస్తుంది, దేవుడికిచ్చిన మాటా నిలుస్తుందని లోలోపల సంబరపడింది కూడా. పొద్దున్నే గోలి మింగి మరీ పనికి వచ్చింది.

"రాహేలక్కా, మొకం గుంజుకపోయింది. రెండు ఇడ్లీలు తిని చెయ్యరాదు," అన్నాడు కట్టయ్య పెనం మీద నీళ్లు చల్లుతూ.

"ఇంట్ల తినే అచ్చిన్నే."

"మీ ఇంట్ల గంత పొద్దుగాల పొయ్యి అంటుకుంటదా?"

రాహేలు నవ్వి కుడిచెవి కమ్మను తిప్పుకుంది. ఆమెకు అబద్ధం ఆడటం రాదు. ఆడినప్పుడల్లా చెయ్యి ఆ కమ్మ మీదికే పోతుంది. కట్టయ్య అది గమనించేంత తీరికగల మనిషి కాదు.

ఇంటికి వచ్చేసరికి భర్త రత్నం మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని జంపఖానా నేస్తున్నాడు. ప్రియాంక హాల్ టికెట్ బ్యాగులో పెట్టుకుని, తల్లి తెచ్చిన ఇడ్లీ గబగబా తినసాగింది.

"అమ్మా, గోలి ఏస్కున్నవా?"

"ఏస్కున్న బిడ్డా."

"తిన్నవా?"

"ఆ... కట్టయ్య పెట్టిండు."

"నా చేతితోని ఒక్క ముక్క తిను. పరీక్షకు పోతాన్న."

ప్రియాంక ఇడ్లీ ముక్కను చట్నీలో అద్ది నోటి దాకా తెచ్చింది. వద్దంటే ఆరాలు మొదలవుతాయి. రాహేలు నోరు తెరిచి ముక్కను బుగ్గన పెట్టుకుని, నీళ్ల బొకెన తెచ్చే నెపంతో పెరట్లోకి నడిచింది. నల్లా పక్కన నిలబడి దాన్ని అరచేతిలోకి ఉమ్మింది. పల్లీ రుచి నాలుక మీద మిగిలింది. తిండిని ఉమ్మినందుకు, బిడ్డ పెట్టిన ముద్దను ఉమ్మినందుకు, రెండింటికీ దేవుణ్ణి క్షమించమంది. తర్వాత నోరు పుక్కిలించి, ఆ పుక్కిలింతలో చట్నీ ఒక్క చుక్క కూడా లోపలికి పోలేదు కదా అని దిగులుపడింది.

మధ్యాహ్నం ఫోన్ మోగింది.

"అమ్మా, మంచిగ రాసిన! బ్యాలెన్స్ షీటు రెండు దిక్కులా ఒక్కటే లెక్క అచ్చింది!"

రాహేలుకు బ్యాలెన్స్ షీటంటే ఏమిటో తెలియదు. గొంతులోని సంతోషం తెలిసింది. గోడకు చేరగిలబడి ఏడ్చింది. చేతులు వణుకుతుంటే సంతోషం వల్లే అనుకుంది. పరీక్ష అయిపోయింది కదా, ఇక తినొచ్చు కదా అని కడుపు అడిగింది. రాయడం అయింది కానీ దిద్దడం అయిందా అని ఆమె కడుపుకే జవాబు చెప్పింది.

రత్నం మగ్గం మీది నుంచే అన్నాడు, "రేపు చర్చి అయినంక కోడిని తెస్త. ముగ్గురం కూసొని తిందాం. ఎన్నొద్దులాయె కల్సి తినక."

"తే మరి. నేనే వండుత."

"ఏందే, గింత సలిల సెమటలు పట్టినయ్?"

"పని చేసినగా."

రత్నం ఒకసారి ఆమె వైపు చూసి మళ్లీ దారపు నాడెను అటూ ఇటూ విసిరాడు. అంచు పూర్తిచేసి కాన్సర్ట్‌కు నేరుగా వస్తానన్నాడు.

సాయంత్రం బయల్దేరే ముందు రాహేలు రెండో గోలి మింగింది. అది నోట్లో వేసుకునేటప్పుడు ఆమెకు భయం వేసింది. వానాకాలంలో నల్లా దగ్గర పడ్డ రోజు గుర్తొచ్చింది. ఇంకా కాసేపే కదా అనుకుని నీళ్లు తాగింది.

స్కూలు గ్రౌండు నిండా ప్లాస్టిక్ కుర్చీలు, స్తంభాలకు నక్షత్రాలు. స్టేజీ మీద తెల్లని చుడీదార్లలో పాటల బృందం నిలబడింది. ముందు వరసలో ప్రియాంక. రాహేలు పక్కన చర్చి స్నేహితురాలు మార్తమ్మ కూర్చుంది. పాటలు మొదలైన కాసేపటికి రాహేలుకు లైట్లు రెండేసి కనపడసాగాయి. ప్రియాంకలు కూడా ఇద్దరయ్యారు. ఇద్దరూ చక్కగానే పాడుతున్నారని ఆమెకు గర్వంగా అనిపించింది. పెదాలు మొద్దుబారాయి. చెమట జాకెట్టు తడిపేసింది.

ఆఖర్లో తోపులాట ఉండకూడదని సంఘం వాళ్లు పులిహోర పొట్లాలను ముందే పంచారు, ప్రార్థన అయ్యాకే విప్పమన్నారు. రాహేలు ఒడిలో ఒకటి పెట్టారు. వేడి చీరలోంచి తొడలకు తగిలింది. ఆమె వేళ్లు వాటంతటవే రబ్బరు బ్యాండు దాకా వెళ్లాయి. అప్పుడే మైకులో పాస్టరు గొంతు, "అందరం కండ్లు మూసుకుందాం. ముగింపు ప్రార్థన."

ఇంత దూరం వచ్చింది. ఒక్క ఆమేన్ దాకా. ఆమె వేళ్లు వెనక్కి తీసుకుంది.

పాస్టరు ప్రార్థన పొడవైనది. రాష్ట్రం కోసం, వానల కోసం, రోగుల కోసం ప్రార్థించాడు. రాహేలు ఒళ్లంతా వణుకుతోంది, ఏదో అనబోతే నాలుక మడతపడి మూలుగే బయటికి వచ్చింది. మార్తమ్మ ఓరగా కన్ను తెరిచి చూసింది. ప్రార్థనలో వణికేవాళ్లను, ఏడ్చేవాళ్లను ఆ సంఘంలో ఎవరూ కదిలించరు. మార్తమ్మ కూడా పరిశుద్ధాత్మ తాకిందనుకుంది. రాహేలు వీపు మీద చెయ్యి వేసి, "స్తోత్రం, స్తోత్రం" అంటూ తానూ గొంతు పెంచింది. పరీక్షలు రాసిన పిల్లల కోసం అనే మాట మైకులో వచ్చినప్పుడు రాహేలు తల గుండెల మీదికి వాలింది. వణుకు ఆగిపోయింది.

ఆమేన్ అన్నాక కుర్చీలు కదిలాయి, పొట్లాలు విప్పిన చప్పుడు గ్రౌండంతా నిండింది. మార్తమ్మ పిల్లల్ని వెతుక్కుంటూ వెళ్లింది. ప్రియాంక స్టేజీ దిగి పరుగున వచ్చింది. తల్లి తల వంచుకునే ఉంది. తన కోసమే ఇంకా ప్రార్థన చేస్తోందని, చెడగొట్టడం ఎందుకని, ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడింది. నవ్వు ఆపుకుంటూ ఎదురుచూసింది. పక్క వరసలన్నీ ఖాళీ అయ్యాయి.

"అమ్మా, ఇగ చాలు. లే," అని చివరికి భుజం తట్టింది.

తర్వాత జరిగినదంతా కేకలే. ఎవరో టీ క్యాను దగ్గర్నుంచి చక్కెర తెచ్చారు. ప్రియాంక గుప్పిళ్లతో తల్లి నోట్లో పోసింది. మింగలేదు. చక్కెర పెదాల చివర నుంచి తెల్లని చుడీదారు మీద రాలింది. అప్పుడే గేటు దగ్గర సైకిలు దిగిన రత్నం, సైకిలును అక్కడే పడేసి పరుగెత్తుకొచ్చాడు. ఇద్దరూ కలిసి ఆమెను ఆటోలోకి ఎత్తారు. ఆమె చెయ్యి పట్టి నాడి చూసిన నర్సమ్మ ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆటో వెళ్లాక మనుషులు కుర్చీలను ఒకదానిలో ఒకటి దోపి ఎత్తిపెట్టడం మొదలుపెట్టారు. ఒక్క కుర్చీ దగ్గరికి మాత్రం ఎవరూ రాలేదు. దాని మీద పులిహోర పొట్లం, రబ్బరు బ్యాండు ఊడకుండా, ఇంకా వెచ్చగానే ఉంది.