మల్సూర్ ఈల వేసిన పిట్ట

మల్సూర్ మాట నమ్మడానికి పెద్దవూరలో మేకలు కూడా వెనకాముందాడతాయి. నెమలి తన మేకపోతును ముక్కున కరుచుకుని సాగర్ డ్యామ్ దాటిందని చెప్పిన మనిషి మరి! ఆ నోరే ఇప్పుడు ఆయనకు అడ్డొచ్చింది.

పిట్టలను లెక్కపెట్టడానికి మిర్యాలగూడ నుంచి జనం వస్తున్నారు. వాళ్లకు అడవి చూపించే మనిషి కావాలి. మేకలను బామ్మర్ది ఉప్పలయ్యకు అప్పగించి ఇంట్లో కూర్చున్నప్పటి నుంచి పొద్దుపోని మల్సూర్‌కు ఆ పని మీదే ప్రాణం.

"పేరు రాస్త తాతా," అంది అటవీ శాఖ బీట్ ఆఫీసర్ శ్రీలత. "ముందుగాల ఒక్క పిట్టనన్న నా కండ్లకు సూపియ్యి. కథలు చెప్తే రాయ."

తెల్లారి ఇద్దరూ అడవిలోకి నడిచారు.

"గాడ! వడ్రంగి పిట్ట కూస్తుంది," అన్నాడు మల్సూర్.

శ్రీలత దుర్భిణీ ఎత్తింది. ఏమీ లేదు. అంతలో ఆ చెట్టు వైపు నుంచే ఈల వినిపించింది. రెండు పొడుగు, ఒకటి పొట్టి.

మల్సూర్ ఆ ఈలను గుర్తుపట్టాడు. ఏ కాపరి ఈల ఆ కాపరిదే. అది వింటేనే ఆ మందలోని మేకలు కదులుతాయి. ఇది ఆయన ఈల. ఇప్పుడు వేసేది ఉప్పలయ్య ఒక్కడే.

"గీడ మేకలు మేపొద్దని బోర్డు పెట్టినం గద! మీవోళ్లేనా?" శ్రీలత గొంతు మారింది.

"ఓరి ఉప్పలయ్యా! నా ఇజ్జత్ తీస్తున్నవ్ గదరా! బయటికి రా!"

బదులుగా మళ్లీ ఈల. వెంటనే వడ్రంగి పిట్ట కూత. ఆ వెనకాలే పిల్లి అరుపు!

మల్సూర్ తల పైకెత్తి, కొమ్మ కొమ్మా వెతికాడు.

"మేడం, కదలకు. ఇప్పచెట్టు, ఎండుకొమ్మ పక్కన సూడు. నల్లగున్నది. తోకకు రెండు తీగలు, కొసలకు ఆకులోలె ఈకలు."

శ్రీలత చాలాసేపు చూసింది. "రాకెట్ తోక డ్రాంగో పిట్ట! ఏది ఇంటే అది కూస్తది. గా ఈల, గా కూతలన్నీ దీని వేషాలే. మన బీట్‌ల గీ పిట్టను ఇంతవరకు ఎవ్వరూ రాయలే. నీకు ముందే తెలుసా తాతా?"

తెలుసనడానికి ఒక్క క్షణం చాలు. మల్సూర్ గడ్డం గోక్కున్నాడు.

"తెల్వది బిడ్డా. ఉప్పలయ్యనే అనుకొని తిట్టిన."

ఆమె పకపకా నవ్వి, పుస్తకం తెరిచింది. "ఎన్ని రాయాలె?"

నలభై అన్న మాట నాలుక కొస దాకా వచ్చింది. ఆయన దాన్ని మింగాడు.

"ఒక్కటే."

ఆమె ఒకటి వేసింది. ఎదురుగా, 'చూపినవారు' అన్న చోట, మల్సూర్ అని రాసింది.

"రేపు ఆరింటికే రావాలె, తాతా."