అరువు కొమ్ము

రబ్బరు గిన్నెలో ప్లాస్టరు గట్టిపడేలోపే అచ్చులో పోసెయ్యాలి. ఆలస్యం చేస్తే రాయి, తొందరపడితే నీళ్ళు. జంపయ్య ఎడమచేత్తో గిన్నెను బల్లకేసి తడుతూ, కుడిచేత్తో గరిటె తిప్పుతూ, బుడగలన్నీ పైకొచ్చి పగిలేదాకా ఓపిగ్గా నిలబడ్డాడు. ఎవరో ఆఫీసరుగారి అమ్మాయి పళ్ళ అచ్చది. ఒక్క బుడగ లోపల చిక్కుకున్నా, ఆ పిల్లకు లేని పుచ్చు ప్లాస్టరులో పుడుతుంది.

కొత్తగూడెం బస్టాండు వెనక సందులో, మందుల షాపు పైన మేడమీద రుక్మిణి డాక్టరమ్మ పళ్ళ దవాఖానా. పొద్దున్నే తాళం తీసేది జంపయ్య. ఊడ్చేది, ఉమ్మితొట్లు కడిగేది, కత్తులూ పట్టకార్లూ ఉడకబెట్టేది, అచ్చులు పోసేది, "తర్వాత ఎవరండీ" అని కేకేసేది కూడా జంపయ్యే. నెత్తురు చూసి కళ్ళు తిరిగిపడిన బొగ్గుబాయి కార్మికుణ్ణి భుజాన వేసుకుని బల్లమీద పడుకోబెట్టేదీ అతనే. అయినా వచ్చినవాళ్ళెవరికీ అతని మొహం గుర్తుండదు. గుర్తుండడానికి కనపడితే కదా! మాట్లాడేటప్పుడు అరచెయ్యి దానంతటది లేచి మూతికి అడ్డం వస్తుంది. పొడుగాటి మనిషి, వంగిన భుజాలు, ప్లాస్టరు పొడికి తెల్లబడిన ముంజేతులు, మూతిమీద చెయ్యి. అదీ జంపయ్యంటే.

ఆ చేతి వెనక, మొన్న మొన్నటిదాకా, గడప దాటి వాకిట్లోకి వచ్చిన పళ్ళుండేవి. పై పెదవి ఎంత లాగినా కింది పెదవిని అందుకునేది కాదు. ఇప్పుడా పళ్ళు లోపలికి వెళ్ళాయి. వాటిమీద ఇనుప తీగ ఉంది. చెయ్యి మాత్రం పాత అలవాటు మానలేదు.

జంపయ్యది పినపాక దాటాక అడవిలో ఓ కోయగూడెం. ఆ గూడెంలో ఒక పద్ధతుంది. మనిషి పోతే ముందు కొమ్ము మోగాలి. అడవిదున్న కొమ్ముతో చేసిన బూర అది. అది మోగేదాకా ఇంటివాళ్ళు గొంతెత్తి ఏడవకూడదు, పోయిన మనిషిని మంచం దించకూడదు. ఆ కొమ్ము జంపయ్య ఇంట్లోనే ఉంటుంది. తాత ఊదాడు, తండ్రి దూలయ్య ఊదాడు. దూలయ్యకు కూతురు కొండమ్మ తర్వాత ఒక్కడే కొడుకు. ఆ ఒక్కడికీ దేవుడు కొమ్ము పట్టని నోరిచ్చాడు.

నూనూగు మీసాల వయసులో, ఓ ముసలమ్మ పోయినప్పుడు, దూలయ్య కొడుకు చేతికి కొమ్మిచ్చాడు. జంపయ్య బుగ్గలు పూరించి ఊదాడు. పెదవులు కలవకపోతే గాలి ఎక్కడ నిలుస్తుంది? పళ్ళ సందుల్లోంచి బుస్సుమని పోయింది. మళ్ళీ ఊదాడు. మళ్ళీ బుస్సు. ఎవరో పిల్లవాడు కిసుక్కుమన్నాడు. ఆ తర్వాత పెద్దవాళ్ళూ ఆపుకోలేకపోయారు. శవాన్ని ముందు పెట్టుకుని గూడెం గూడెమంతా నవ్వింది. దూలయ్య కొడుకు పక్కకొచ్చాడు. కొమ్ము తీసుకుని తనే ఊదాడు. ఇంటికొచ్చి దాన్ని వాసానికి తగిలిస్తూ, "నా చావుకు అరువు కొమ్మే గతి," అన్నాడు. కోపంగా అన్నా బాగుండేది. వానొచ్చేట్టుంది అన్నంత మామూలుగా అన్నాడు.

ఆ మాట జంపయ్య గుండెలో ముల్లై దిగింది. కొన్నాళ్ళకే లారీ ఎక్కి కొత్తగూడెం వచ్చేశాడు. తిరిగి తిరిగి పళ్ళ దవాఖానాలోనే పని దొరికింది. అయినా తన పళ్ళ సంగతి ఏనాడూ ఎత్తలేదు. అడగాలంటే నోరు తెరవాలి మరి!

గోదావరికి పెద్ద వరద వచ్చిన ఏడాది దూలయ్యకు దగ్గు పట్టుకుంది. చలికాలానికల్లా మంచానికి అతుక్కుపోయాడు. చూసొచ్చిన జంపయ్య, ఆ సాయంత్రం అందరూ వెళ్ళాక డాక్టరమ్మ ముందు నిలబడి, మూతిమీది చెయ్యి కిందికి దించాడు.

"అమ్మా, నా పండ్లు లోపటికి పోతయా?"

రుక్మిణి అతన్ని కుర్చీలో కూర్చోబెట్టి, లైటు వేసి చూసింది. "పోతాయి. రెండేళ్ళ పైమాటే."

"గంత టైం లేదమ్మా."

"ఎవరికి?"

"మా అయ్యకు."

కొమ్ము సంగతంతా చెప్పాడు. ఆమె చేతులు కడుక్కుని వచ్చి ఎదురుగా కూర్చుంది. సత్తుపల్లి మనిషి, లోపల ఒకటి పెట్టుకుని పైకొకటి చెప్పడం చేతకాదు.

"ఒక దారుంది. చిగుళ్ళు విప్పి, పన్నుకీ పన్నుకీ మధ్య ఎముకమీద గాట్లు పెడతారు. గాయమైన ఎముక మానేదాకా మెత్తబడి ఉంటుంది. ఆ మెత్తదనం ఉన్నన్నాళ్ళూ పన్ను తొందరగా జరుగుతుంది. రెండేళ్ళ పని నెలల్లో తేలుతుంది. కానీ కోతంటే ఇక్కడ ఒక్కళ్ళూ ఒప్పుకోలేదు."

"గుంజ కదలకపోతే చుట్టూ తవ్వినట్టు."

"అంతే. ఇంకోటి కూడా విను. కాలేజీలో మా సారు చేస్తుంటే పక్కన నిలబడ్డానంతే. నా చేత్తో ఎప్పుడూ చెయ్యలేదు జంపయ్యా."

"ఇన్నేండ్లు మీ పక్కకు నేను నిలవడ్డ గదమ్మా. ఈ పాలి పండుకుంట. గంతే ఫరక్."

ఆమెకు నవ్వొచ్చింది. ఒప్పుకుంది.

ముందు చోటు కోసం పైన అటొక పన్నూ ఇటొక పన్నూ పీకింది. తర్వాత కోత. తన కోతకు కావలసిన కత్తులు తనే ఉడకబెట్టుకున్నాడు జంపయ్య. అలాంటివాడు ఇంకొకడుంటే చూపించండి! మత్తు సూది పొడిచాక నొప్పి తెలియలేదు గానీ చప్పుడు తెలిసింది. మిషను ఎముకను గీరుతుంటే పుర్రెలో కందిరీగ దూరినట్టయింది. మధ్యలో డాక్టరమ్మ చెయ్యి ఆగింది. ఆమె నుదుటి మీద చెమట పట్టింది. నోటినిండా దూది ఉన్న జంపయ్య కళ్ళతోనే కానియ్యండి అన్నాడు. కుట్లు వేసేసరికి ఆమె పక్క స్టూలు మీద కూలబడింది. లేచి మంచినీళ్ళిచ్చింది జంపయ్యే.

మొహం గుమ్మడికాయంత వాచింది. గంజి తాగి పనిలోకొచ్చాడు. "ఏంది జంపయ్యా, తేనె తుట్టెల మూతి పెట్టినవా?" అన్నాడు కింద మందుల షాపతను. వాపు తగ్గాక డాక్టరమ్మ తీగలు వేసింది. ఆమె తరచూ బిగించేది. బిగించిన రోజు అన్నం మెతుకు నమిలినా తల పగిలిపోయేది. అయినా పళ్ళు నడిచాయి. చెప్పిన మాట విన్న ఎడ్లలాగా, మెల్లగా, వరసగా లోపలికి నడిచాయి. ఊదొద్దని ఆమె గట్టిగానే చెప్పింది. జంపయ్య వింటే కదా! తీగల మీద మైనం అద్దుకుని, దవాఖానా స్నానాలగదిలో సన్నటి వెదురు గొట్టం పెట్టి ఊదేవాడు. పెదవుల లోపల తెగి నెత్తురు కారేది. దొరికిపోయి తిట్లు తిన్నాడు. గొట్టం కిటికీలోంచి విసిరేసిందామె. మర్నాటికి ఇంకో గొట్టం వచ్చింది.

ఆఫీసరుగారి అమ్మాయి అచ్చు ఆరబెట్టి, గిన్నెలో మిగిలింది గీకబోతుండగా మెట్లమీద చప్పుడైంది. అక్క కొండమ్మ పెనిమిటి సమ్మయ్య వచ్చాడు. తలగుడ్డ చేతిలో ఉంది. అది చూడగానే మంచి కబురు కాదని జంపయ్యకు అర్థమైంది.

"మామకు మాట పడిపోయింది," అన్నాడు సమ్మయ్య. "పొద్దుగూకేదాక ఉంటడో ఉండడో."

"మనిషిని గుర్తు పడుతుండా బావా?"

"కండ్లతోని. ఇగో జంపయ్యా, కోపం జేస్కోకు. పెద్దలు వాగవతలి గూడేనికి కబురంపిండ్రు, కొమ్ము తెమ్మని. నీతోని కాదని అందరికి ఎరుకేనాయె."

జంపయ్య గిన్నె అక్కడే పెట్టేశాడు. అందులో ప్లాస్టరు గట్టిపడుతుందని తెలుసు. పట్టించుకోలేదు. నేరుగా లోపలికి వెళ్ళాడు.

"అమ్మా, తీగలు తియ్యండి."

కుర్చీలో ఉన్న పెద్దమనిషి నోరు తెరిచే ఉన్నాడు. రుక్మిణి సమ్మయ్యను చూసింది, జంపయ్యను చూసింది.

"ఎముక ఇంకా గట్టిపడలేదు. ఇప్పుడు తీస్తే పళ్ళు వచ్చిన దారినే పోతాయి. ఇంత కోతా బూడిదలో పోసిన పన్నీరే."

"వెదురంటే సన్నం, తీగల మీద కొమ్ము ఆనదమ్మా. ఊదినంక ఎటన్న పోనీయండి."

"పోనీయమంటావేంటయ్యా! ఈ కోతకు నా మొదటి కేసువి నువ్వు!"

"పండ్లు పోతే నోరు నాదే గదమ్మా. అయ్య పోతే మల్ల దొరకడు."

దానికి ఏ డాక్టరు దగ్గర మాత్రం మందుంటుంది? ఆమె పెద్దమనిషిని లేపి బయట కూర్చోబెట్టింది. తీగలు తీసింది. పంటికి అతికించిన పట్టీ ఊడినప్పుడల్లా టప్ మని చప్పుడు. పళ్ళు గీకి శుభ్రం చేసి అచ్చు తీసింది. ఆ అచ్చు జంపయ్యే అందుకుని, కొత్త గిన్నెలో ప్లాస్టరు కలిపి పోశాడు. తన నోటిది కదా అని ఎక్కువసేపేమీ తట్టలేదు. అందరివీ పోసినట్టే పోశాడు. అది గట్టిపడ్డాక ఆమె తీగ వంచి, గులాబీ రంగు పొడి కలిపి, అంగిట్లో పట్టే ప్లేటు తయారుచేసింది. ముందుపళ్ళను పట్టుకుని ఉండేందుకు దానికి అడ్డంగా సన్నటి తీగ. బయట బెంచీ మీద జనం సణుగుతూనే ఉన్నారు. ఆమె తలెత్తలేదు.

"తిండప్పుడు తప్ప తియ్యకు. కొమ్ము దగ్గర ఎలాగూ తీస్తావు. అవగానే కడిగి పెట్టేసుకో. మర్చిపోయావా, నెల తిరక్కుండా మళ్ళీ మొదటికొస్తావు."

"అవ్ అమ్మా."

వెళ్తూ వెళ్తూ ఉమ్మితొట్టి పైనున్న అద్దంలో చూసుకున్నాడు. పెదవులు కలిపాడు. కలిశాయి. కింది పెదవీ పై పెదవీ పక్కపక్క ఇళ్ళవాళ్ళలా నిమ్మళంగా ఆనుకుని ఉన్నాయి. ఏడుపొచ్చింది జంపయ్యకు. మొహం కడుక్కుని మెట్లు దిగాడు.

సమ్మయ్యతో పాటు మణుగూరు బస్సు, అక్కణ్ణుంచి పినపాక బస్సు, ఆ తర్వాత కాలిబాట. దారంతా మూతి మీదికి చెయ్యి రాలేదు. బస్సులో పక్కనున్న ముసలాయన ఎక్కడికని అడిగితే, జంపయ్య పెదవులు విప్పకుండా తల ఊపాడు. ఆ పెదవులు విప్పడానికి మనసొప్పలేదు.

గూడెం చేరేసరికి ఎండ చెట్ల కొసలకెక్కింది. దూలయ్య మంచం చూరు కింద ఉంది. కొండమ్మ పక్కన కూర్చుని స్టీలు గ్లాసుతో నీళ్ళు తాగిస్తోంది. ఒక గుక్క లోపలికి పోయింది, మిగతావి గదవ మీదుగా కారాయి. ఎప్పుడూ నిటారుగా నడిచిన మనిషి దుప్పటికింద పిడికెడంత అయిపోయాడు.

"అయ్యా, తమ్ముడొచ్చిండు," అంది కొండమ్మ.

జంపయ్య మంచం పక్కన గొంతుక్కూర్చున్నాడు. మొహం తండ్రికి దగ్గరగా పెట్టి, పెదవులు మూసి చూపించాడు. దూలయ్య కళ్ళు ఆ మూతిమీద ఆగాయి. చెయ్యి పైకి లేవబోయి లేవలేదు. జంపయ్యే ఆ చెయ్యి పట్టి తన మూతికి ఆనించుకున్నాడు. బండబారిన వేలు పెదవుల కలయిక మీద ఈ చివర నుంచి ఆ చివరిదాకా మెల్లగా పాకింది. ఎక్కడా సందు దొరకలేదు. ముసలాయన కంటికొసల్లోంచి నీళ్ళు దిగాయి.

కాసేపటికి ఆ వేలు కదలడం మానేసింది. మంచం కింద పడుకున్న కోడి కూడా లేవలేదు. కొండమ్మ తండ్రి ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూసి, చీర కొంగు నోట్లో కుక్కుకుంది. కొమ్ము మోగలేదు కదా, ఏడవకూడదు. ఆమె భుజాలు మాత్రం ఎగిరెగిరి పడుతున్నాయి.

"వాగు దిగుతుండ్రు," అన్నాడు సమ్మయ్య నెమ్మదిగా. అవతలి గూడెం మనుషులు. ముందున్నవాడి భుజాన కొమ్ము వేలాడుతోంది.

జంపయ్య లేచి వాసానికున్న కొమ్ము దించాడు. తుడిచాడు. పెదవికి ఆనిస్తే ప్లేటు తీగ లోపల గుచ్చుకుంది. ప్లేటు తీసి చుట్టూ చూశాడు. కొండమ్మ కింద పెట్టిన గ్లాసు కనపడింది. అందులో వేశాడు. గుండెనిండా గాలి పీల్చి ఊదాడు.

బుస్సుమంది.

ఈసారి ఎవరూ నవ్వలేదు. వాకిట్లో చేరిన గూడెం జనమంతా తలలు దించుకున్నారు. అది నవ్వు కన్నా ఘోరంగా ఉంది. జంపయ్య కొమ్ము దించలేదు. కొత్త నోరు, ఇంకా చేతికి రాని నోరు. పెదవులు బిగించాడు. కదిలే పళ్ళు చిగుళ్ళలో సలుపుతున్నా వాటికే ఆనించి బిగించాడు. స్నానాలగదిలో నెత్తురు మింగిన రోజులన్నీ ఒక్క ఊపిరిలోకి లాక్కుని ఊదాడు.

కొమ్ము మోగింది. ముందు బొంగురుగా, తర్వాత నిండుగా, దూలయ్య ఊదినట్టే కడుపులోంచి. చెట్లమీది పిట్టలు లేచాయి. వాగులో మోకాటిలోతు నీళ్ళలో ఆ మనుషులు నిలబడిపోయారు. ముందున్నవాడు భుజాన ఉన్న కొమ్ము తీసి, తువ్వాలులో చుట్టి చంకలో పెట్టుకున్నాడు.

అప్పుడు కొండమ్మ కొంగు తీసేసి, "అయ్యా!" అని గొంతు చించుకుని ఏడ్చింది. ఆమె వెనకే గూడెమంతా.

దూలయ్యను మంచం దించారు, కడిగారు, ఎత్తుకున్నారు. జంపయ్య ముందు నడిచాడు, ఊదుతూనే. కింది పెదవి మీంచి సన్నగా నెత్తురు కారుతోంది. తుడుచుకోవడానికి కూడా ఆగలేదు. అందరూ ఆ కొమ్ము వెంట వాగు వైపు వెళ్ళిపోయారు.

చూరు కింద ఖాళీ మంచం పక్కన స్టీలు గ్లాసు అలాగే ఉంది. దూలయ్య తాగగా మిగిలిన నీళ్ళలో గులాబీ రంగు ప్లేటు మునిగి ఉంది.