ఊపిరి కొలిచిన ముల్లు

నేను ఒక ఊపిరి కొలిచే యంత్రాన్ని. నా గొట్టం నోట్లో పెట్టుకుని గట్టిగా ఊదితే ముల్లు కదులుతుంది, ఊపిరితిత్తుల సత్తువ ఎంతో తేలిపోతుంది. ఏదో పరాయి దేశపు కార్ఖానాలో పుట్టి, ఓడెక్కి వచ్చి, ఇప్పుడు వైద్య కళాశాల మ్యూజియంలో అద్దాల వెనక కూర్చున్నాను. నా మంచి వయసంతా మాత్రం డాక్టర్ హైమవతి గారి చేతుల్లోనే గడిచింది.

పనిచేసే చోట మనుషులకు పట్టుకునే జబ్బుల మీద ఆవిడ పరిశోధన. విజయనగరం వైపు ఒక పలుగురాళ్ల పొడి మిల్లుకు నన్ను తీసుకెళ్లారు. కూలీలు వరసగా ఊదారు. ఒక్కరి ఊపిరీ సరిగా లేదు. రాతిపొడి అందరి ఊపిరితిత్తులనూ తినేసిందని వ్యాసం రాశారు, ప్రొఫెసరయ్యారు. వెతికింది దొరికితే చదువుకున్నవాళ్లకు అనుమానం రాదు, అదేమిటో.

మిల్లు యజమాని ఊరుకోలేదు, వ్యాసం తప్పని పైకి ఫిర్యాదు చేశాడు. విచారణ సంఘం మిల్లుకే వచ్చింది. వ్యాసం నిలిస్తే మిల్లులో దుమ్ము అదుపు చెయ్యాలి, జబ్బుపడ్డవాళ్లకు పరిహారం ఇవ్వాలి. వీగిపోతే, మూల కూర్చుని దగ్గుతున్న సన్యాసమ్మ లాంటివాళ్లకు దిక్కు లేదు.

మేనేజరు తెలివైనవాడు. సంఘం వారి కారు డ్రైవరును పిలిచి నన్ను ఊదమన్నాడు. కుస్తీ పట్టే ఒళ్లు ఆ డ్రైవరుది. చెంబెత్తి నీళ్లు తాగేటట్టు, గొట్టం పెదాలకు తగలకుండా పట్టుకుని ఊదాడు. గాలి సగం బయటికే పోయింది. నా ముల్లు కాస్త కదిలి పడిపోయింది.

"జబ్బు మా మిల్లులో లేదు మేడమ్, మీ యంత్రంలో ఉంది," అన్నాడు మేనేజరు.

హైమవతి గారు నా ముల్లును వదిలి డ్రైవరు పెదాల వైపు చూశారు. ఎంగిలి. ఒకరి ఎంగిలి ఒకరికి తగలకూడదని ఆనాడు కూలీలూ ఇలాగే ఊది ఉంటారు. అప్పుడు ఆవిడ కళ్లు నా ముల్లు మీదే ఉన్నాయి, వాళ్ల పెదాల మీద లేవు. ఇప్పుడు డ్రైవరుకు ఒక్కడికి సరిగా ఊదడం నేర్పి, పరువు దక్కించుకుని వెళ్లిపోవచ్చు. ఏం చేస్తారోనని ఎదురుచూశాను.

"నా పరిశోధనలో తప్పుంది," అన్నారు. "అందరిచేతా మీ ముందే మళ్లీ ఊదిస్తాను."

మనిషికొక కొత్త అట్టగొట్టం తెప్పించి, పెదాలు బిగించి ఊదమన్నారు. డ్రైవరు ఊదితే ముల్లు చివరికంటా పోయింది. కొందరు కూలీలవీ బాగానే వచ్చాయి. మేనేజరు మొహం వెలిగింది. జబ్బు లేదని కూలీల మొహాలు అంతకన్నా వెలిగాయి, దానికే నాకు భయం వేసింది.

సన్యాసమ్మ వంతు వచ్చింది. పెదాలు బిగించి, మెడ నరాలు తేలేలా ఊదింది. అబద్ధమాడటం నాకు చేతనైతే ఆ ఒక్కసారికి ఆడేసేదాన్ని. ముల్లు పోయినసారి ఆగిన చోటు కూడా దాటలేదు. సంఘం వారు వంగి చూశారు, ఒకరి మొహాలు ఒకరు చూసుకుని రాసుకోవడం మొదలుపెట్టారు. మేనేజరు నవ్వు ఆగిపోయింది.

సన్యాసమ్మకు ఇదేమీ తెలియలేదు. ఆయాసం తీర్చుకుంటూ, నవ్వుతూ అడిగింది.

"ఈపాలి గట్టిగా ఊదీసినాను గదా అమ్మగోరూ. మరి నాకూ జబ్బు నేదన్నట్టేనా?"