అరవై ఏడో నంబరు వెనక

రక్తపు మరకను చన్నీళ్ళలోనే నానబెట్టాలి. వేడినీళ్ళు తగిలాయా, అది గుడ్డను కరచుకుని ఇక జన్మలో వదలదు. ఈ శాస్త్రంలో డార్లాది ఇరవై రెండేళ్ళ పాండిత్యం. ఏటా అక్టోబరు ఒకటిన ఆమె భర్త కర్టిస్ విల్లంబులు ధరించి, ఉత్తర మిషిగన్ అడవుల్లోని జింకల మీద దండయాత్రకు బయలుదేరతాడు. ఆ మహావీరుడు విడిచిన చొక్కాలను నేలమాళిగలోని తొట్టిలో నానబెట్టే భాగ్యం ఆమెది. వాటి పక్కనే అప్పుడప్పుడు ఆమె జాకెట్టు కూడా నానుతుంది. దాని మీది మరక జింకది కాదు.

వేటకు కర్టిస్ మూడు వారాలు సెలవు పెడతాడు. దానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. ఆకులు రాలడానికి మాత్రం ఎవరి అనుమతి కావాలి? డార్లా అడిగింది ఒక్క శనివారం. వంద కిలోమీటర్ల అడవి పరుగు పందెం. బడి వంటశాలలో మూడు వందల పళ్ళేలు నింపే ఉద్యోగానికి ముందు, ఇంటిల్లిపాదికీ డబ్బాలు కట్టడానికి ముందు, ఏడాదిగా నాలుగింటికే లేచి పరుగెత్తింది. "నీ ఈడు ఆడవాళ్ళు బొంతలు కుట్టుకుంటున్నారు," అనేది అత్తగారు ఐలీ. "ఎవరి నుంచే పారిపోతున్నావు?" అని చుట్టాల ముందు నవ్వేవాడు కర్టిస్. డార్లా కూడా నవ్వేది. మర్నాడు ఏ ఇరవయ్యో కిలోమీటరు దగ్గరో, అది నవ్వవలసిన ప్రశ్న కాదేమోనని ఆమెకు తోచేది.

పందెం ఆరు రోజుల్లో ఉందనగా, ఆదివారం ఆమె పరుగు నుంచి నలభై నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. బల్ల మీద మాంసం చల్లారిపోయి ఉంది. ఆమె బూట్లు విప్పి, వట్టి కాళ్ళతో పొయ్యి దగ్గరికి నడిచింది. కర్టిస్ లేచాడు. వేట బూటు మడమను ఆమె కుడిపాదం మీద మోపి, ఒంటి బరువంతా వేసి, సిగరెట్టు నలిపినట్టు నలిపాడు. లోపల ఏదో పుల్లలా విరిగింది.

"ఇప్పుడు పరుగెత్తు, చూద్దాం."

ఐలీ కొడుకు వంక నిరసనగా చూసింది. "బూట్లతో వంటింట్లోకి రావద్దని ఎన్నిసార్లు చెప్పాన్రా," అంది.

రెండు వేళ్ళు నల్లబడ్డాయి. డార్లా వాటిని కలిపి కట్టి, శనివారం పరుగెత్తింది. కర్టిస్ ఆమెను తానే బండిలో తీసుకువచ్చాడు. తాళాలు ఆమెకు ఇవ్వడు గనక, పైగా భార్యను ప్రోత్సహించే భర్తగా ఊళ్ళో నలుగురి మెప్పూ పుచ్చుకోవాలి గనక.

అరవయ్యో కిలోమీటరు గుడారం నాలుగింటికి మూసేస్తారు. అప్పటికి చేరనివారికి పందెం అయిపోయినట్టే. నాలుగుకు పన్నెండు నిమిషాలుండగా ఆమె కుంటుతూ వచ్చింది. కుడి మేజోడు ఎర్రగా తడిసి ఉంది. కర్టిస్ అప్పటికే బల్ల దగ్గర, గుడారం పెద్ద నోరీన్‌తో మాట్లాడుతున్నాడు.

"మా ఆవిడ ఆపేస్తోంది. పేరు కొట్టెయ్యండి."

నోరీన్ ముప్పై ఏళ్ళు బడి బస్సు నడిపిన మనిషి. "మొగుడు చెబితే చెల్లదు కర్టీ," అంది కాగితాల్లోంచి తల ఎత్తకుండా. "పరుగెత్తేవాళ్ళే వచ్చి, తమ నోటితో చెప్పి, నంబరు విప్పి ఇవ్వాలి. అదీ ఇక్కడి పద్ధతి."

డార్లా నోరు తన దగ్గర ఉందనే ఇరవై రెండేళ్ళుగా కర్టిస్ నమ్మకం. నంబరే కదా కావలసింది. ఆమె రొమ్ము మీద పిన్నీసులతో గుచ్చిన నంబరు గుడ్డను పిడికిట పట్టి ఒక్క లాగు లాగాడు. పిన్నీసులు చొక్కాతో పాటు చర్మాన్నీ చీల్చాయి. అరవై ఏడో నంబరు బల్ల మీద బోర్లా పడింది. దాని వెనక, ఆపద వస్తే ఎవరిని పిలవాలో ఆమె స్వయంగా రాసిన పేరు: కర్టిస్.

నోరీన్ ఆ పేరు చదివింది. డార్లా మేజోడు చూసింది. పెన్ను ఆమె వైపు జరిపింది.

డార్లా పెన్ను అందుకోబోతుంటే కర్టిస్ ఆమె మణికట్టు పట్టి మెలిపెట్టాడు. "బండెక్కు." ఆమె రెండో చేతికి దొరికింది తెరిచి ఉన్న పిన్నీసు ఒక్కటే. వేల జింకల రక్తం కళ్ళచూసిన ఆ హస్తంలో, బొటనవేలి మొదట, అంగుళం పొడవు ఆయుధం తలదాకా దిగింది. వీరుడు కీచుగా అరిచాడు. చెయ్యి వదిలాడు. గుడారంలో ఎవరూ అతనికి అడ్డం పడలేదు. ఆమెకూ అడ్డం రాలేదు.

"ఆపుతున్నావా అమ్మా?" అడిగింది నోరీన్, పద్ధతి ప్రకారం.

"లేదు."

డార్లా నంబరు గుడ్డ వెనక కర్టిస్ పేరు కొట్టేసింది. ఖాళీలో ఎవరిని రాయాలో తోచక పెన్ను ఆగితే, నోరీన్ తన ఫోను నంబరు చెప్పింది, ఒక్కొక్క అంకే, నిదానంగా. "పందెం అయ్యాక నా బండిలో వద్దువు. ముందు పోలీసుల దగ్గరికి, తర్వాత మా ఇంటికి," అంది. నాలుగు కొత్త పిన్నీసులు ఇచ్చింది.

ఇంకా ఆరు నిమిషాలున్నాయి.

"కోటు అంతా మరకైంది," అన్నాడు కర్టిస్ నమ్మలేనట్టు, ఇరవై రెండేళ్ళ అలవాటు కొద్దీ తడిసిన చెయ్యిని ఆమె వైపే చాపుతూ.

డార్లా అడవి బాట వైపు తిరిగింది.

"చన్నీళ్ళలో నానబెట్టుకో," అంది.