ఏడు రెట్లు చాలు

"నీ క్రేను ఊగిపోతోందే అమ్మాయ్! నా ఈ రెండు కళ్ళతో చూశాను. రేపటి నుంచి నువ్వు అది ఎక్కడానికి వీల్లేదు, అంతే."

నేను డ్యూటీ దిగి వచ్చి ఇంకా చెప్పులైనా విప్పలేదు. మా అత్తయ్య గుమ్మానికి అడ్డంగా నిలబడి తీర్పు చెప్పేసింది. ఆవిడ మెడలో ఆ ఉదయం మా ఆయన కొనిచ్చిన బైనాక్యులర్స్ వేలాడుతున్నాయి.

నేను టవర్ క్రేను నడుపుతాను. బస్ డిపో వెనక కడుతున్న పెద్ద ఆసుపత్రికి ఇనుమూ కాంక్రీటూ పైకి అందించేది నేనే. మా డాబా మీద నుంచి చూస్తే క్రేను పసుపుపచ్చ గీతలా కనిపిస్తుంది. అందులో నేను కనిపించను. అదే ఆవిడ దిగులు. "అది అక్కడ ఎలా ఉందో కనిపిస్తే కాస్త ధైర్యంగా ఉంటుందిరా" అని కొడుకుని అడిగింది. ఫ్యాన్లు బాగుచేసుకునే మా ఆయన ఏది కొన్నా పెద్దదే కొంటాడు. నలుగురం తినే ఇంటికి నలభై మందికి వండే గుండిగ తెచ్చిన మనిషి. చవగ్గా దొరికేవాటిలో అన్నిటికంటే ఎక్కువ రెట్లున్నదాన్ని, ఇరవై రెట్లు పెద్దగా చూపించేదాన్ని పట్టుకొచ్చాడు.

మా బుడ్డదానికి మూడేళ్ళు. పగలంతా దాన్ని కనిపెట్టుకుని ఉండేది అత్తయ్యే. ఆవిడ నా వల్ల కాదంటే నేను ఉద్యోగానికి నీళ్ళు వదులుకోవాల్సిందే. ఆ సీటు కోసం ఎంతమంది వెకిలి నవ్వులు దిగమింగానో నాకు తెలుసు. ఒళ్ళు మండిపోయింది.

"గాలికి కాస్త కదులుతుంది అత్తయ్యా. ఊగిపోవడమేంటి?"

"నాకు చెప్పకు. ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు, తాగినోడిలా! పిల్లని ఎవరికి అప్పగించుకుంటావో అప్పగించుకో. తల్లి అక్కడ వేలాడుతుంటే ఇక్కడ దానికి అన్నం కలిపి పెట్టడం నా వల్ల కాదు."

నమ్మలేదని నన్ను డాబా మీదకి లాక్కెళ్ళింది. ఇంకా వెలుగుంది. బైనాక్యులర్స్ గొట్టాలు కళ్ళకి ఆనించుకుని, "అదిగో, ఇప్పుడు కూడా!" అంది.

పని ఆగిపోయి చాలాసేపయింది. గాలి లేదు. తీగ మీద ఆరేసిన తువ్వాలు కూడా కదలడం లేదు. నేను క్రేను వైపు కాకుండా ఆవిడ చేతుల వైపు చూశాను. గొట్టాల చివర్లు వణుకుతున్నాయి. వాటితో పాటు మెడపట్టీ కూడా.

అప్పుడు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. ఆవిడ టీ గ్లాసులో సగమే పోసుకుంటోంది. జీవితమంతా బట్టలు కుట్టిన మనిషి ఈమధ్య సూదిలో దారం నాచేత ఎక్కించుకుంటోంది. ఎందుకని అడిగితే, "బెజ్జాలు చిన్నవి చేస్తున్నారు, దొంగవెధవలు" అంది.

ఊగేది క్రేను కాదని ఒక్క మాట అంటే చాలు, గెలుస్తాను. నా నోటికి అడ్డూ ఆపూ లేదని ఇంటిల్లిపాదికీ తెలుసు. మాట పెదవి దాకా వచ్చింది కూడా. ఇంతలో ఆవిడ గొట్టాలు దించి, చేతులు రెండూ వెనక్కి పెట్టుకుంది. తప్పు చేసిన పిల్లలా పెట్టుకుంది. నేను నోరు మూసుకున్నాను.

"ఈ గొట్టాలు మంచివి కావత్తయ్యా. రేపు నాకు సెలవే, మార్చుకొస్తాను. కొత్తవాటిలోంచి చూసినా ఊగితే నేనే మానేస్తాను."

"మాట మీద నిలబడు" అంది.

షాపు నడిపే ఆవిడ, ఒకసారి వాడిన వస్తువులు వెనక్కి తీసుకోనంది. కానీ మంచి మనిషి, ఇంకో రెండు రకాలు తీసి బల్ల మీద పెట్టింది. "ఎక్కువ రెట్లంటే గొప్ప కాదమ్మా. వస్తువు ఎన్ని రెట్లు పెద్దదవుతుందో చెయ్యి కదలడమూ అన్ని రెట్లవుతుంది. చూసుకోండి."

గుమ్మంలో నిలబడి ఎదురు భవనం మీది గడియారాన్ని చూశాను. మా ఇరవై రెట్లదానిలో అంకెలు గుమ్మడికాయలంత ఉన్నాయి గానీ ఒక్కటీ చూపుకి ఆగదు. పన్నెండు రెట్లదానిలో పరవాలేదు. ఏడు రెట్లదానిలో గడియారం చిన్నదే, కానీ కదలకుండా ఉంది. దాని మీద వాలిన పావురం కూడా కనిపించింది. క్రేను నడిపే నా చేతులకే ఇంత తేడా ఉంటే, పాపం అత్తయ్యకి ఎంత భయం వేసి ఉంటుందో! ఏడు రెట్లదే కొన్నాను. మూడింటిలోకీ చవక అదే.

మర్నాడు సీట్లో కూర్చున్నానే గానీ, మోపు దించిన ప్రతిసారీ మా డాబా వైపే చూశాను. సాయంత్రం ఇంటికొచ్చేసరికి అత్తయ్య కొత్త గొట్టాలు ముందు పెట్టుకుని బల్ల దగ్గర కూర్చుంది.

"ఊగిందా?" అన్నాను.

"ఇంట్లో నువ్వు గిన్నె కింద పెడితే వీధి చివర కుక్క లేచి కూర్చుంటుంది. అక్కడ అంత ఇనుప మోపుని, చంటిపిల్లని పక్క మీద పడుకోబెట్టినట్టు దించావు. ఆ నెమ్మది ఇంటికొచ్చేసరికి ఏమవుతుందే?"

నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. ఆవిడ మాత్రం నవ్వలేదు. చేతులు రెండూ బల్ల మీద పెట్టింది. అవి వణుకుతున్నాయి. ఈసారి దాచుకోలేదు.

"క్రేను మేకు కొట్టినట్టు నిలబడి ఉంది. అంటే మొన్న ఊగినవి ఇవే. నీకు తెలుసు కదూ?"

నేను తలూపాను.

"గొట్టాలు మంచివి కావన్నావు గానీ నా చేతులు మంచివి కావనలేదు. నీ నోటికి అదెంత కష్టమో నాకు తెలుసే. ఈ వణుకు సంగతి తెలిస్తే పిల్లని నా చేతికివ్వరని దాచాను."

"ఇన్నాళ్ళూ దానికి ముద్దలు పెట్టింది ఆ చేతులే కదా అత్తయ్యా. మీరు ఇంట్లో ఉండబట్టే నేను ఆ సీట్లో ఉన్నాను. మీ రుణం నేను తీర్చుకోలేను. డాక్టరు దగ్గరికి వెళ్దాం. వేడివేడివి మీరు ముట్టుకోవద్దు, నేను పొద్దున్నే అన్నీ అమర్చి వెళ్తాను. బుడ్డది మాత్రం మీ దగ్గరే ఉంటుంది."

"సర్లే, సర్లే. గిన్నెలు కూడా ఆ నెమ్మదితోనే అమర్చు" అని కళ్ళు తుడుచుకుంది.

ఆ ఇరవై రెట్లదాన్ని పారేయడానికి మనసొప్పక క్రేను మీదకి తెచ్చుకున్నాను. మధ్యాహ్నం పని ఆపి అన్నం తిన్నాక, మోచేతులు కిటికీ అంచుకి గట్టిగా ఆనించి మా డాబాని వెతికాను. వెతగ్గా వెతగ్గా దొరికింది. అత్తయ్య పిట్టగోడకి మోచేతులు ఆనించి, తన గొట్టాల్లోంచి నా వైపే చూస్తోంది. బుడ్డది ఆవిడ మోకాలు పట్టుకుని నిలబడింది. అత్తయ్య పెదవులు కదులుతున్నాయి. తిన్నావా అనే అడుగుతూ ఉంటుంది.

కాసేపటికి ఆవిడ ఒక చెయ్యి గాల్లోకి ఎత్తింది. ఆ చెయ్యి ఊపుతోందో, వణుకుతోందో ఇరవై రెట్లలో కూడా నాకు తెలియలేదు. నేనూ చెయ్యి ఊపాను.